చేసినవాళ్ల పేరు చెప్పని పేజీల దగ్గర కొనొచ్చా? మీరేమంటారు?

మణికొండ_మాధవి:
మా చెల్లెలి పెళ్లికి శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా కొందామని ఇన్‌స్టాలో వెతికితే ఒక పేజీ నచ్చింది. ధర రూ. 6,800. కింద ‘పూర్తిగా చేతితో గీసింది’ అని రాశారు. ఎవరు గీశారండీ అని మెసేజ్ పెట్టాను. ‘మా ఆర్టిజన్స్ మేడమ్’ అన్నారు. వాళ్ల పేరేమిటి అంటే, అది చెప్పడం మా పాలసీ కాదన్నారు. నేను కొనలేదు.

కాన్వాస్ మీద వేస్తే కింద మూలన సంతకం ఉంటుంది. గుడ్డ మీద వేస్తే ఎందుకుండదు? ఇంత డబ్బు పెట్టేటప్పుడు అందులో ఎంత ఎవరికి పోతోందో కాకపోయినా, కనీసం ఎవరి చెయ్యో తెలుసుకునే హక్కు నాకుంది. పేరు దాచే పేజీలను పక్కన పెట్టి, చేసేవాళ్లనే వెతుక్కుని నేరుగా కొనాలన్నది నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

బెజవాడ_బీరువా:
కాదనేదాన్ని నేనే. నాకూ అలాంటి పేజీ ఉంది (మీరు చెప్పింది నాది కాదు లెండి). మొదట్లో నేనూ ప్రతి ఫొటోకీ చేసినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబర్ పెట్టేదాన్ని. ఏమైందో వినండి. ఫొటో నాది, వివరం రాసింది నేను, రంగు వెలుగులో ఎలా ఉంటుందో వీడియో తీసింది నేను. కస్టమర్ నంబర్ తీసుకుని నేరుగా ఆయనకు ఫోన్ చేసి ‘మధ్యలో ఆవిడ లేదు కదా, సగానికి ఇవ్వండి’ అని బేరం. ఆయన మొహమాటపడి ఒప్పుకోవడం, తర్వాత పార్సిల్ లేటవడం, ఆ కస్టమర్ తిరిగొచ్చి నా కామెంట్లలో తిట్టడం.

నేను అడ్వాన్స్ ఇస్తాను. అమ్ముడుపోని సరుకు నా బీరువాలోనే ఉంటుంది, ఆయన ఇంటికి వెనక్కి పోదు. పాలవాసన వస్తోందని రిటర్న్ పెట్టినవాళ్ల కొరియర్ ఖర్చు నాదే. కలంకారీ అంటే పాలవాసన ఉంటుందని వాళ్లకు ఓపిగ్గా చెప్పేదీ నేనే. ఇంత చేశాక ‘మధ్యదళారీ’ అన్న మాట పడాలి.

పాతబజారు:
పేరు సంగతి తర్వాత. ముందు అది చేత్తో గీసిందో కాదో చూసుకోండి. గుడ్డ వెనక్కి తిప్పండి. వెనక తెల్లగా ఉంటే డిజిటల్ ప్రింట్, ఇక మాట్లాడాల్సిన పని లేదు. రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. కన్ను, తోక, గీత మందం అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది అచ్చే. మచిలీపట్నం, పెడన వాళ్లది అచ్చు కలంకారీయే, చెక్క దిమ్మలతో చేత్తో అద్దుతారు, అదీ కష్టమే, దాన్ని తక్కువ చేయను. కానీ స్క్రీన్ ప్రింట్ తెచ్చి పెన్ కలంకారీ ధరకు అమ్మేవాళ్లే ఎక్కువ. మీరు పేరు అడిగితే వాళ్లు ఏదో ఒక పేరు చెబుతారు. ఏం చేస్తారు?

కాళహస్తి_కుర్రాడు:
మా ఇంట్లో ఇదే పని. అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి.

గాడా అనే ముతక నూలు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు నాన్న. తర్వాత కసిమి, అంటే గీతకు వాడే నల్ల రంగు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెట్టింది. వెదురుపుల్లకి చుట్టిన ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది, వేళ్లతో ఆ ఉన్నిని ఎంత నొక్కితే అంత దిగుతుంది. గుడ్డ మీద పడ్డప్పుడు గీత పలచగా ఉండి, కరక్కాయ తగిలి కళ్లముందే నల్లబడుతుంది. తప్పు గీస్తే చెరపడం ఉండదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఎర్ర రంగు చెక్కలతో ఉడకబెట్టాలి. ఉతకాలి, మళ్లీ పాలలో ముంచాలి, పసుపు వేయాలి, నీలం వేయాలి. ప్రతి దశకీ మధ్యలో పారే నీళ్లలో ఉతుకు, ఎండలో ఆరబెట్టు. వాన పడితే పని ఆగినట్టే. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోయినా ఆగినట్టే.

ఇప్పుడు ‘నేరుగా కొనండి’ అన్న సలహా గురించి. నేరుగా అడిగేవాళ్లు రోజూ వస్తారు. ‘హాయ్, ప్రైస్?’ అని ఒక మెసేజ్. చెబితే మాయం. ఇంకొందరు తమ చేతిలో ఉన్న ఫొటో పంపి అచ్చం ఇలాగే కావాలంటారు, అది వేరేవాళ్లు గీసింది. వచ్చే ఆదివారం ఫంక్షన్ అంటారు. కసిమి చేతులతో నాన్న ఫోన్ పట్టుకోలేరు, జవాబులు నేనే ఇవ్వాలి, నాకు వేరే ఉద్యోగం ఉంది. కాబట్టి పేజీలు నడిపేవాళ్లు మాకు అవసరమే. బీరువా అక్క చెప్పినట్టు అడ్వాన్స్ ఇచ్చేవాళ్లయితే నెత్తిన పెట్టుకుంటాం.

కానీ పేరు మాత్రం కావాలి అక్కా. ఫోన్ నంబర్ వద్దు. రెండూ ఒకటి కాదు. మీరు నంబర్‌తో పడ్డ ఇబ్బందికి పేరు కూడా తీసేశారు.

మణికొండ_మాధవి:
కుర్రాడు చెప్పిన తేడా నాకు తట్టలేదు, బాగుంది. అయితే బీరువా గారూ, మరి పేరు పెట్టడానికి మీకేం అభ్యంతరం?

బెజవాడ_బీరువా:
పేరు, ఊరు తెలిస్తే నంబర్ దొరకడానికి ఎంతసేపండీ? ఆ ఊళ్లో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

రేణిగుంట_రజని:
కుర్రాడి పోస్టులో ఒక్క మాట పట్టుకుంటున్నా. ‘బొమ్మ గీస్తారు నాన్న’ అన్నావు. పటిక పూసింది ఎవరు? రంగులు నింపింది ఎవరు? ఉతికింది ఎవరు? అది రాయలేదు నువ్వు.

నేను కొన్నేళ్లు రంగులు నింపే పనికి వెళ్లాను. మాలాంటి ఆడవాళ్లం వరసగా కూర్చుని, గీసిచ్చిన గుడ్డ మీద ఆకుల్లో, నగల్లో, రెక్కల్లో రంగు నింపేవాళ్లం. రోజు కూలి. ఒక చీరలో ఎక్కువ గంటలు మావే. చివర్లో మూలన పడే పేరు గీసినాయనది. అవార్డుకి వెళ్లేదీ ఆ పేరే. ఇప్పుడు మీరందరూ పేజీవాళ్లు పేరు దాస్తున్నారని కోప్పడుతున్నారు. సరే, న్యాయమే. ఆ పేరు వెనకాల ఇంకెన్ని పేర్లు దాగున్నాయో కూడా అడగండి.

కాళహస్తి_కుర్రాడు:
మా ఇంట్లో రంగులు అమ్మ, పిన్ని వేస్తారు, వాళ్లకు ఎవరూ కూలి ఇవ్వరు. మీరన్నది నిజమే రజని అక్కా. అయితే బొమ్మ ఎలా ఉండాలో, ఏ కథలో ఏ ఘట్టం ఎక్కడ పెట్టాలో, చుట్టూ అక్షరాలు ఎలా రాయాలో అది గీసేవాళ్లది. ఆ బాధ్యత వాళ్లదే కాబట్టి సంతకం వాళ్లది అనుకుంటా.

రేణిగుంట_రజని:
రంగు కారిపోతే మాత్రం బాధ్యత మాది.

పోచంపల్లి_పడుగు:
మీరంతా బొమ్మల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి సంతకం అంటున్నారు. మా దగ్గరికొచ్చి అడగండి. ఇక్కత్ చీరకు ఆసు పోసేవాళ్లు (నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి వరస పెట్టేవాళ్లు) ఒకరు, డిజైన్ గీసి రంగు అంటకూడని చోట రబ్బరు చుట్టేవాళ్లు ఒకరు, రంగు అద్దేవాళ్లు ఒకరు, మగ్గం మీద కూర్చునేవాళ్లు ఒకరు. ఒక్కోసారి అంతా ఒకే ఇల్లు, ఒక్కోసారి నాలుగిళ్లు. నూలు ఇచ్చి, డిజైన్ ఇచ్చి, చీరకు ఇంత అని మజూరీ కట్టేది మాస్టర్ వీవర్. ఆయనా మధ్యమనిషే. ఆయన లేకపోతే ఈ నెల మగ్గం ఆడదు, ఉంటే లాభం ఆయనది. ఈ తిప్పలు ఇన్‌స్టా రాకముందు నుంచే ఉన్నాయి.

ఇంకోటి. చేత్తో చేసిందే కావాలి అనేవాళ్లకు ఒక ప్రశ్న. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ ఆసు పోయలేక భుజం నొప్పితో పడ్డ బాధ చూసి ఆసుయంత్రం తయారుచేసిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చెయ్యి రోజంతా వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సిన పని యంత్రం మీద పడ్డది. ఇప్పుడు ఆ చీర చేత్తో చేసింది కాదంటరా? మగ్గం మీద నేసింది మనిషే కదా. మా ఆడవాళ్ల భుజాలు అరిగితేనే అసలు సరుకు అనుకునే కొనుగోలుదార్లు మాకొద్దు.

మాకు కావాల్సింది సంతకం కంటే ముందు, మా డిజైన్‌ను ప్రింట్ కొట్టి అగ్గువకు అమ్మేవాళ్లను ఆపడం. అంచున్న చీరలాంటి కొన్ని రకాలు మరమగ్గం మీద నేయకూడదని 1985 చట్టం ఉంది. ప్రింట్ చీరలో డిజైన్ నేసింది కాదు కాబట్టి దానికి అది తగలదు అంటరు. పోచంపల్లి పేరు వాడుకోవడం మీద జీఐ (ఊరి పేరుతో సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) చట్టం కింద కేసు పెట్టొచ్చు, నిరూపిస్తే కనీసం ఆరు నెలల జైలు. కానీ కోర్టుకు తిరిగేదెవరు, మగ్గం దిగి?

ఎడిసన్_వెంకట్:
న్యూజెర్సీ నుంచి. బొమ్మల కొలువుకి మా ఆవిడ ప్రతి దసరాకీ కొండపల్లి బొమ్మలు తెప్పిస్తుంది కాబట్టి ఈ గొడవ మాకూ ఉంది. ఇక్కడ అందరూ వాడే చేతిపనుల సైట్ ఎట్సీ. 2005లో మొదలైనప్పుడు చేసినవాళ్లే అమ్మాలన్న పట్టింపు ఉండేది. 2013లో బయట ఫ్యాక్టరీల్లో చేయించుకోవడానికి కూడా ఒప్పుకున్నారు. 2022లో అమ్మకందారుల దగ్గర తీసుకునే కమీషన్ 5 శాతం నుంచి 6.5కి పెంచితే, వేలమంది వారం పాటు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. 2024 నుంచి ప్రతి వస్తువు మీదా అది అమ్మేవాళ్లు చేసిందా, వాళ్లు డిజైన్ మాత్రమే ఇచ్చిందా, ఎక్కడి నుంచో ఏరి తెచ్చిందా అని రాయాలన్నారు.

నేనేమంటానంటే, మన పేజీలు కూడా అదే రాస్తే చాలు. ‘నేను చేయలేదు, ఫలానా ఊరి నుంచి తెచ్చాను, ఇంత మార్జిన్’ అని. పేరు అవసరం లేదు. ఊరికి జీఐ ఉంది కదా, అదే గుర్తింపు.

మణికొండ_మాధవి:
ఊరి పేరు ఊరికి. చేసిన మనిషికేం వస్తుందండీ?

నిమ్మలకుంట_దారిలో:
మాధవి గారి ప్రశ్నకు ఎదురు ప్రశ్న. పేరు పెడితే ఎవరికి వస్తుంది?

నేను ధర్మవరం వాణ్ణి, నిమ్మలకుంట పక్కనే. తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎంత గర్వపడ్డామో చెప్పలేను, ఆయనకు రావాల్సిందే. ఆ తర్వాత కారుల్లో వచ్చేవాళ్లు మాత్రం అందరూ అడిగేది ఒక్కటే, ‘పద్మశ్రీ ఇల్లెక్కడ?’. ఆ పక్కింట్లో, ఎదురింట్లో అదే మేకతోలు, అదే ఉలి, అదే చిల్లులు కొట్టే పని. చెవి కమ్మలో, చీర అంచులో వరసగా కొట్టిన ఆ చిల్లుల్లోంచి వెలుగు రావాలి, అక్కడే పనితనమంతా తెలుస్తుంది. లాంప్‌షేడ్ కొనాలనుకుంటే ఏ ఇంటిదైనా బాగుంటుంది. కానీ జనం పేరు కొంటారు.

నేరుగా కొనండి, పేరు చూసి కొనండి అంటే చివరికి ఊరికి ఒక్క పేరే మిగులుతుంది. ఫోన్‌లో బాగా మాట్లాడగలిగేవాళ్లు, కెమెరా ముందు సిగ్గుపడనివాళ్లు ముందుకొస్తారు. చేతిలో పని ఉండి మాట రానివాళ్ల సరుకు ఎవరమ్ముతారు? బీరువా గారిలాంటివాళ్లే.

బెజవాడ_బీరువా:
నా తరఫున ఇంత బాగా నేనే చెప్పుకోలేకపోయాను, థాంక్స్ అండీ.

కాళహస్తి_కుర్రాడు:
ధర్మవరం అన్నా, మీరు చెప్పింది మా ఊళ్లోనూ ఉంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి పేరు తెలిసినంతగా ఇంకెవరి పేరూ బయటివాళ్లకు తెలియదు. కానీ దానికి మందు పేర్లన్నీ దాచేయడం ఎలా అవుతుంది? పది ఇళ్ల పేర్లు బయటికొస్తే ఒక్క పేరు దగ్గర గుంపు తగ్గుతుంది. మీ పేజీలో పది మంది సరుకు ఉంటే పది పేర్లూ పెట్టండి. అప్పుడు మాట రానివాళ్ల పేరు కూడా మీ మాటతోనే తెలుస్తుంది, ఆ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు.

రజని అక్క అడిగింది ఇంట్లో చర్చకు పెట్టాను. అమ్మ నవ్వి ఊరుకుంది, పిన్ని మాత్రం ‘రాయండి, తప్పేముంది’ అంది. ఇకనుంచి సరుకుతో పెట్టే మా చీటీలో గీసింది, రంగులు అని రెండు వరసలు రాద్దామంటున్నా. నాన్న ఇంకా ఏమీ అనలేదు.

బెజవాడ_బీరువా:
సరే. దీపావళి స్టాక్ నుంచి ఊరు, ఇంటిపేరు పెడతాను. పూర్తి పేరు కొన్నవాళ్లకు పార్సిల్‌లో చీటీ మీద. అంతకంటే ముందుకు ఇప్పుడు రాలేను, నా ఇల్లూ గడవాలి. అన్నట్టు మార్జిన్ చెప్పమన్న ఎడిసన్ గారూ, మీ ఆఫీసులో మీ జీతం గోడకు అంటిస్తారా?

రేణిగుంట_రజని:
చీటీలో రంగులు వేసినవాళ్ల పేరు కూడా ఉంటుందా?

బెజవాడ_బీరువా:
వాళ్లు పంపిస్తే పెడతాను రజని గారూ. నాకు తెలిసేదెలా?

మణికొండ_మాధవి:
ఇంటిపేరుతో ఊళ్లో సగం మంది ఉంటారు కదండీ, దానివల్ల ఏం తెలుస్తుంది? నేనింకా ఒప్పుకోవడం లేదు. కుర్రాడూ, పెళ్లి మాఘంలో. ఇప్పుడు చెబితే అందుతుందా?

కాళహస్తి_కుర్రాడు:
వానలు తగ్గాక మొదలుపెడితే అందుతుంది అక్కా. కానీ ఏ బొమ్మ కావాలో మాటల్లో చెప్పండి, వేరేవాళ్లు గీసిన ఫొటో పంపకండి. సగం అడ్వాన్స్. మూలన పేర్లు కసిమితోనే రాయిస్తాను, ఉతికినా పోవు.

పాతబజారు:
మీ దుపట్టా చూసి ప్రింట్ కొట్టడానికి స్క్రీన్ తీసేటప్పుడు ఆ పేర్లు కూడా అందులో పడతాయి బ్రదర్. వచ్చే ఏడు మీ పిన్ని సంతకం ఉన్న దుపట్టాలు రూ. 450కి దొరుకుతాయి, చూస్తూ ఉండండి.