"తనకు మాలిన ధర్మం"లో మాలిన అంటే ఏమిటి?

పైన అడిగిన ప్రశ్నకు జవాబు: "తనకు మాలిన" అంటే "తన స్తోమతకు మించిన" అని కాదండీ. మాలు అంటే లేకపోవడం, పోవడం. దిక్కుమాలిన, సిగ్గుమాలిన, బుద్ధిమాలిన అనే మాటల్లో ఉన్నది ఇదే. తనకంటూ ఏమీ మిగలకుండా చేసే దానం తనకు మాలిన ధర్మం.

చిక్కేమిటంటే, సామెతలో రెండో సగాన్ని మనం పలకడం మానేశాం. "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అనేది పూర్తి మాట. ఇక్కడ మొదలు అంటే ఆరంభం కాదు, వ్యాపారంలో పెట్టిన అసలు. చెడ్డ అంటే చెడిన అని. "వ్రతం చెడ్డా ఫలం దక్కాలి" అంటామే, ఆ చెడ్డ. లాభం మాట దేవుడెరుగు, అసలుకే మోసం వచ్చిన బేరం అన్నమాట. అంటే ఈ సామెత సాయం చెయ్యొద్దని ఎక్కడా అనడం లేదు. ఒక హద్దు చూపిస్తోంది, అదీ చాలా దూరంలో. అసలు జోలికి పోనంతవరకు ఎంత ఇచ్చినా దీనికి అభ్యంతరం లేదు.

నాకు ఈ మాట మీద ఇంత పట్టింపు రావడానికి కారణం ఉంది. ఒక స్నేహితుడు శనివారం రాత్రి ఫోన్ చేసి, ఉద్యోగానికి రాసుకున్న దరఖాస్తు ఒకసారి చూసిపెట్టమన్నాడు. మూడు పేజీలు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "చూద్దాంలే" అని పెట్టేశాను. పక్కనే ఉన్న బంధువు ఒకాయన "మంచి పని చేశావు, తనకు మాలిన ధర్మం మనకెందుకు" అన్నారు. వినగానే మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకే ఇప్పటికీ బాధగా ఉంది. నాకు చెడే మొదలు ఏముంది? ఆదివారం పొద్దున ఒక గంట. సాయంత్రం నేనే ఫోన్ చేస్తే, అప్పటికే పంపేశానన్నాడు.

"నాకు ఖాళీ లేదు" అంటే అది నా మాట, ఎందుకు లేదని అవతలివాడు అడగొచ్చు. సామెత అడ్డం పెడితే పెద్దలే వద్దన్నట్టు అవుతుంది. "అపాత్రదానం" అనే మాటనూ ఇలాగే వాడుతున్నాం. ఇవ్వనిది మనం, తప్పు మాత్రం అడిగినవాడిది. "ఎవరి కర్మకు ఎవరు కర్తలు" మరీ దారుణం.

ఈ సామెత అచ్చంగా అతికే చోటు వామనుడి కథలో ఉంది. ఉన్నదంతా ఇచ్చేస్తే ఎలా బతుకుతావని శుక్రాచార్యుడు బలిని ఆపుతాడు. ఆయన భయం నిజం, అక్కడ పోయేది మొదలే. పోతన భాగవతంలో "వారిజాక్షులందు" పద్యం ఆ సందర్భంలోదే. ప్రాణానికీ విత్తానికీ మానానికీ భంగం వచ్చినప్పుడు బొంకవచ్చు అంటాడు. మనం దాన్ని అబద్ధాల పద్యంగానే గుర్తుపెట్టుకున్నాం. నిజానికి అది, ఇస్తానన్నది ఇవ్వకుండా తప్పించుకోవడానికి గురువు శిష్యుడికి అందించిన సమర్థన. బలి దాన్ని అందుకోలేదు, "కారే రాజులు" అని జవాబిచ్చాడు.

మీ ఇళ్లలో ఈ సామెతను రెండో సగంతో కలిపి అనేవారుంటే, ఏ సందర్భంలో అనేవారో రాయండి.