దొమ్మ క్రిమి కల్చర్: జిల్లా ల్యాబులోనా, భువనేశ్వర్‌లోనా?

బరంపురం బెంచ్:
రాయగడ, కొరాపుట్ జిల్లాలకు దొమ్మ (ఆంత్రాక్స్) కొత్త కాదు. చచ్చిన పశువును కోసి పంచుకున్న ఊళ్లలో చేతుల మీద నల్లగా పెచ్చుకట్టిన పుళ్లు కనబడతాయి. అందుకని సర్కారు డబ్బుతో ఇక్కడే బీఎస్ఎల్-3 ల్యాబు (ప్రమాదకర క్రిములు బయటికి పోకుండా కట్టే మూడో స్థాయి భద్రత ల్యాబు) కట్టి, పరిశోధన ఇక్కడే చెయ్యాలని కొందరి వాదన. నేను వ్యతిరేకం. మనిషికి వైద్యం చెయ్యడానికి స్మియర్ (గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూడడం), పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చాలు. చర్మపు దొమ్మకు సిప్రోఫ్లోక్సాసిన్‌గానీ డాక్సీసైక్లిన్‌గానీ మొదలెట్టడానికి కల్చర్ రిపోర్టు కోసం ఎవరూ ఆగకూడదు. కల్చర్ అంటే చుక్క రక్తంలో ఉన్నదాన్ని మనమే కోట్లకు పెంచి ఫ్రీజర్‌లో దాచుకోవడం. ఆ ఫ్రీజర్ తాళం ఎవరి చేతిలో ఉంటుందో ముందు చెప్పండి.

గుణుపూర్ పశువైద్యం:
స్మియర్ అన్ని వేళలా చాలదండీ. చెవి సిర నుంచి రక్తం తీసి పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ వేస్తే నీలి కడ్డీల చుట్టూ గులాబీ తొడుగు కనబడాలి. పశువు చచ్చి ఎండలో ఒకటి రెండు రోజులు పడుంటే కుళ్లు క్రిములు అంతా పాడుచేస్తాయి, ఆ తొడుగు కనబడదు. అప్పుడు కింద మట్టి నుంచి కల్చర్ చేసుకోవలసిందే. ఈ ఊరి క్రిమీ పక్క బ్లాకు క్రిమీ ఒకటేనా అన్నదానికీ అంతే. కోసి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. గాలి తగిలితేనే అది స్పోరుగా (గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) మారుతుంది, మారితే ఆ నేలలో దశాబ్దాలుంటుంది.

బరంపురం బెంచ్:
ఒప్పుకున్నా. ఆ నమూనా భువనేశ్వర్ ల్యాబుకు పంపితే నష్టమేంటి? అనుమానిత రక్తం, స్వాబ్ యూఎన్ 3373 (రోగ నమూనాల రవాణాకు వాడే అంతర్జాతీయ నంబరు) కింద మూడు పొరల ప్యాకింగులో వెళ్తాయి: కారని సీసా, దాని చుట్టూ ద్రవం పీల్చే దూది, కారని రెండో డబ్బా, బయట గట్టి పెట్టె. అదే పెంచిన కల్చర్ అయితే యూఎన్ 2814, అంటే ఎక్కువ ప్రమాదకరమైన 'ఏ' కేటగిరీ. దారిలో ప్రమాదం తగ్గాలంటే నమూనాను పంపండి, ఇక్కడ పెంచి కల్చర్ పంపకండి. మీ వాదనకు ఇది ఎదురే.

జయపురం జెన్‌సెట్:
ఇద్దరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. బీఎస్ఎల్-3 కట్టిన రోజు బాగానే ఉంటుంది, ఆ తరవాతే అసలు కథ.

గదిలో గాలి ఒత్తిడి బయటికంటే తక్కువుండాలి, గాలి లోపలికే రావాలి. కరెంటు పోయి ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగి, సప్లై ఫ్యాను ఇంకా తిరుగుతుంటే గాలి ఎదురు తిరుగుతుంది. కాబట్టి ఎగ్జాస్ట్ ఆగితే సప్లై దానంతటదే ఆగేలా ఇంటర్‌లాక్ ఉండాలి. ఏటా మెయిన్ స్విచ్ తీసి పరీక్షించాలి, కాగితం మీద కాదు. హెపా ఫిల్టరు (గాలిని వడకట్టేది) 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపుతుంది నిజమే, గ్యాస్కెట్ దగ్గర సందుంటే ఆ అంకె దేనికీ పనికిరాదు.

ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) 121 డిగ్రీలు చూపించినంత మాత్రాన సంచి మధ్యలో 121 ఉందని కాదు. చెత్తసంచిని కుక్కి నింపి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు. మూడింట రెండు వంతులే నింపి, మూతి వదులుగా ఉంచి, మధ్యలో జియోబాసిల్లస్ (వేడిని బాగా తట్టుకునే క్రిమి) స్పోర్ స్ట్రిప్ పెట్టి, తీశాక ఇంక్యుబేట్ చేసి (వెచ్చగా ఉంచి) ఏమైనా మొలుస్తుందేమో చూడాలి. పరికరానికి గ్రాంటు వస్తుంది, స్ట్రిప్పులకూ ఫిల్టర్లకూ సర్వీసు కాంట్రాక్టుకూ మూడో ఏడాది నుంచి పద్దు ఉండదు. మనవైపు ల్యాబుల జబ్బంతా అదే.

2007లో ఇంగ్లండు పిర్‌బ్రైట్‌లో గాలికుంటు వైరస్ పాత డ్రైనేజీ పైపుల్లోంచి బయటపడింది. పైపులు పాడయ్యాయని ముందే తెలుసు, డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గరే పని ఆగింది. 2019లో చైనా లాన్‌జౌలో బ్రుసెల్లా టీకా ఫ్యాక్టరీ గడువు దాటిన డిసిన్ఫెక్టెంట్ వాడి, బయటికి వదిలే గాలిలోని క్రిముల్ని చంపలేకపోయింది. పదివేల మందికి పైగా సోకింది. రెండూ శాస్త్రం తెలియక జరిగినవి కావు.

బరంపురం బెంచ్:
ఇంకొకటి కలపండి. 2014లో అట్లాంటాలో సీడీసీ (అమెరికా రోగనియంత్రణ సంస్థ) వాళ్లు దొమ్మ క్రిమిని చంపామనుకుని కింది స్థాయి ల్యాబులకు పంపారు. ప్లేటు మీద 24 గంటలు ఏమీ మొలవకపోతే చచ్చిందనుకున్నారు, కొన్నాళ్లకు అదే ప్లేటు మీద మొలిచింది. దాదాపు 75 మంది సిబ్బందికి సోకి ఉండొచ్చని లెక్కవేసి ముందుజాగ్రత్తగా మందులిచ్చారు. ఎవరికీ రోగం రాలేదు గానీ, "చంపాం" అన్న మాటకు రుజువేంటో ముందే రాసిపెట్టని ఫలితమది.

పర్లాకిమిడి పాయింటు:
కాగితాల సంగతి నేను చెప్తాను. మనకు 1989 నిబంధనలున్నాయి, పర్యావరణ చట్టం కింద. ప్రమాదకర సూక్ష్మజీవుల వాడకం, నిల్వ అన్నీ వాటిలోకే వస్తాయి. ఇలాంటి పని చేసే ప్రతి సంస్థలో ఐబీఎస్సీ (సంస్థ సొంత జీవభద్రత కమిటీ) ఉండాలి, జన్యుమార్పిడి జరిగే ప్రమాదకర పనికి ఢిల్లీలోని ఆర్‌సీజీఎం (జన్యుమార్పిడి పనులను పరిశీలించే కేంద్ర కమిటీ) ఒప్పుకోవాలి. వీటికి తోడు కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ అనేదీ ఆ నిబంధనల్లోనే ఉంది. ల్యాబును తనిఖీ చెయ్యడం, ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో ప్రణాళిక రాయడం దాని పని. ఇక్కడ ఎవరైనా దాని మీటింగు మినిట్సు చూపిస్తే సంతోషిస్తా.

అమెరికా 2014లో ఇన్‌ఫ్లుయెంజా, సార్స్, మెర్స్ క్రిముల శక్తి పెంచే కొన్ని ప్రయోగాలకు డబ్బు ఆపింది, 2017లో వడపోతతో వదిలింది. 2024లో రాసిన కొత్త విధానం 2025 మే 6న అమలు కావాలి, 5నే దాన్ని మార్చమని వైట్‌హౌస్ ఉత్తర్వు వచ్చింది. అంత పెద్ద దేశమే తేల్చుకోలేక తడబడింది, కాబట్టి వాళ్లది తెచ్చి అతికించకండి. ఒక్క సూత్రం మాత్రం తీసుకోవచ్చు: డబ్బిచ్చేవాడే షరతు పెట్టాలి. గ్రాంటు విడత ఫిల్టరు పరీక్ష, ఇంటర్‌లాక్ పరీక్ష, స్పోర్ స్ట్రిప్ రికార్డు చూపితేనే రావాలి.

గుణుపూర్ పశువైద్యం:
షరతుకు ఒప్పుకుంటా. కానీ అదే షరతు నమూనా పంపే పనికీ పెట్టండి. మండే ఎండలో మంచుపెట్టె లేకుండా, ఎవరు తీసుకెళ్తారో తెలియకుండా పంపిన డబ్బా ఏ ల్యాబుకీ పనికిరాదు.

బరంపురం బెంచ్:
సరే, ఐస్ ప్యాకులకు పద్దు ముందు రాయండి, ల్యాబు సంగతి తరవాత. పాయింటు గారూ, ఆర్టీఐలో ఏం అడగాలి?

పర్లాకిమిడి పాయింటు:
ఏ క్రిమి ఏ ఫ్రీజర్లో ఉందని అడగకండి, ఆర్టీఐ చట్టం 8(1)(ఎ) కింద భద్రత పేరుతో ఆపేస్తారు, ఆపడమూ సబబే. బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములతో పనిచేసే రక్షణ పెట్టె), హెపా చివరిసారి పరీక్షించిన తేదీలు, స్పోర్ స్ట్రిప్ ఫలితాలు, ఐబీఎస్సీ మీటింగుల తేదీలు, జిల్లా కమిటీ తనిఖీ తేదీలు అడగండి. తేదీలు దాచడానికి కారణం చూపడం కష్టం. "రికార్డు లేదు" అని రాస్తే ఆ కాగితమే పైకి పట్టుకెళ్లండి.