రంగు వేశాక అతుకు గీత మళ్ళీ ఎందుకు తేలుతోంది?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

నమస్కారమండీ. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ప్లాస్టిక్ నమూనాను 1/72 స్కేలులో (అసలు దానిలో 72వ వంతు) కడుతున్నాను. విమానం మేని రెండు సగాల అంచులకూ తమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ (నమూనాల ముక్కలు అతికించే పల్చటి ద్రవం) పూసి, తరువాత కలిపి నొక్కాను. మూడు గంటలు ఆగి ఉప్పుకాగితంతో రుద్దితే అతుకు పూర్తిగా పోయింది. కానీ రంగు వేసిన వారానికి వెన్ను పొడవునా వెంట్రుకంత గాడి తేలింది. పైగా ఎడమ పక్కన నా బొటనవేలి ముద్ర ప్లాస్టిక్‌లోనే అచ్చుపడింది. ఇది మన ఎండల ప్రభావమా, నా పద్ధతిలోని లోపమా? పైపులు అతికించే సాల్వెంట్ ఇంకా గట్టిగా పడుతుందని హార్డ్‌వేర్ దుకాణంలో అన్నారు. వాడవచ్చా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

ఆ సీసాలో ఉన్నది జిగురు కాదండీ. అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ కలిసిన ద్రావకం. నమూనా ముక్కల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు అంచులనూ ఒకటి చేస్తుంది. ద్రావకం పూర్తిగా ఆవిరయ్యే వరకు అక్కడి ప్లాస్టిక్ మెత్తగా, కొంచెం ఉబ్బి ఉంటుంది. ఉబ్బి ఉండగానే మీరు దాన్ని సమం చేశారు కనుక, లోపలి ద్రావకం పోయేకొద్దీ అది కుంగి గాడిగా మిగిలింది. మన ఎండకు పై పొర త్వరగా ఆరి చేతికి గట్టిగా తగులుతుంది, దాన్ని నమ్మకండి. నేను కనీసం ఒక రోజు, పొడవైన అతుకైతే రెండు రోజులు ఆగుతాను.

ముందు పూసి తరువాత కలపడం చిక్కటి సిమెంటుకు తగిన పద్ధతి. పల్చటి దానికి ముందే ముక్కలను కలిపి పట్టుకుని, బ్రష్‌ను సీసా మూతికి ఒత్తి తడి తగ్గించి, కొనను అతుకుకు ఒక్కచోట ఆనించండి. వత్తి నూనెను పీల్చుకున్నట్టు సందు దాన్ని లాక్కుంటుంది. కొన్ని సెకన్లు ఆగి మెల్లగా నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా అతుకు పొడవునా ఉబికి వస్తుంది. ఆ దారం తెగిన ప్రతిచోటా రేపు గాడి ఉంటుందని గుర్తు పెట్టుకోండి. వేలు అతుకు మీద ఉంటే ద్రావకం వేలి కిందికీ అలాగే పాకుతుంది; మీ బొటనవేలి ముద్ర అలా పడినదే.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ)

పైపుల సాల్వెంట్ వద్దండీ. అది పీవీసీ కోసం చేసినది, చిక్కగా ఉండి సందులోకి పాకదు, సన్నటి భాగాలను కరిగించి పాడుచేస్తుంది. ఇప్పటికే ఉన్న గాడిని సూపర్ గ్లూతో నింపి, అరగంటలోపే 400, 600, 1000 నంబరు కాగితాలతో వరుసగా రుద్దండి. రాత్రంతా వదిలితే అది ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, చుట్టుపక్కల మాత్రమే అరుగుతుంది. కాక్‌పిట్ అద్దం దగ్గర మాత్రం సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. ఫ్యాన్ నేరుగా తగిలితే ద్రావకం బ్రష్ మీదే ఆరిపోతుంది. అలాగని కిటికీలు మూయకండి, ఆ ఆవిరి పీల్చకూడదు, మంట దగ్గర అసలు వాడకూడదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. రెక్కలను మీరు చెప్పినట్టే అతికించి రెండు రోజులు ఆగాను. దారాన్ని బ్లేడుతో గీకి ప్రైమర్ వేస్తే గీత లేదు, ఎడమ రెక్క చివర దారం రాని గోరంత మేర తప్ప.