పిల్లల వాద్యబృందాన్ని నడిపించడం: మొదటి స్వరమే కలవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఒక హైస్కూల్లో సంగీతం టీచర్ని. నేర్చుకున్నది వయొలిన్. ఈసారి ఆగస్టు 15కి జాతీయగీతం, ఆ తర్వాత ఆదితాళంలో ఒక కీర్తన మా పిల్లల చేత వాయించమన్నారు హెడ్‌మాస్టరు గారు. ఐదు వయొలిన్లు, రెండు కీబోర్డులు, మూడు వేణువులు, ఒక మృదంగం ఉన్నాయి. స్కూల్ బ్యాండు నుంచి రెండు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము ఇస్తారు. ఊళ్లో బ్యాండు మేళంలో వాయించే ఒకాయన వాళ్లబ్బాయిని క్లారినెట్‌తో పంపిస్తున్నారు.

విడివిడిగా అందరూ బాగానే వాయిస్తున్నారు. నేను ముందు నిలబడి తాళం వేస్తే మాత్రం మొదటి స్వరం తలా ఒక చోట పడుతోంది. సగానికి వచ్చేసరికి వేగం పెరిగిపోతోంది. క్లారినెట్ కలిస్తే శ్రుతి అసలు కుదరడం లేదు. ఎడమ చేతితో ఏం చేయాలో తెలియక వెనక్కి పెట్టుకుంటున్నాను. మన వాద్యాలకు కండక్టర్ (ముందు నిలబడి చేతితో బృందాన్ని నడిపించే మనిషి) ఏమిటని స్టాఫ్ రూమ్‌లో ఒకరు అన్నారు కూడా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (నెల్లూరు)

అమ్మా, మీకు లయ ఉంది. కాబట్టి కష్టమైన భాగం దాటేసినట్టే. నేను మా చర్చిలో క్రిస్మస్‌కి వాద్యబృందాన్ని నడిపిస్తుంటాను. మీరు చెప్పిన మొదటి ఇబ్బంది తాళం వచ్చినవాళ్లందరికీ ఎదురవుతుంది.

మనం తాళం వేసేటప్పుడు దెబ్బ, స్వరం ఒకేసారి పడతాయి. అది చూసి వాయించడం మొదలుపెట్టాలంటే పిల్లలకు ఆలస్యమైపోతుంది. బృందాన్ని నడిపించే చెయ్యి స్వరం కన్నా ఒక దెబ్బ ముందుగానే సంగతి చెప్పేయాలి. అందుకని మొదటి దెబ్బకు ముందు ఒక ఖాళీ దెబ్బ చూపించండి. చెయ్యి ఛాతీ ఎత్తులో పెట్టి, అందరి కళ్లూ మీ మీదికి వచ్చేదాకా కదలకండి. తర్వాత ఊపిరి పీలుస్తూ చెయ్యి పైకి లేపి, కిందికి దించండి. లేపడం మొదలైనప్పటి నుంచి దించేదాకా పట్టే కాలం సరిగ్గా పాటలోని ఒక దెబ్బంత ఉండాలి. మీ చెయ్యి మెత్తగా లేస్తే మొదటి స్వరం మెత్తగా వస్తుంది, విసురుగా లేస్తే గట్టిగా వస్తుంది. మీ ఊపిరి చూసి వేణువు పిల్లలు కూడా ఊపిరి తీసుకుంటారు, వయొలిన్ పిల్లలు కమాను (తీగల మీద లాగే బద్ద) సిద్ధం చేసుకుంటారు. ఇది ఒక్కటి కుదిరితే మిగతావి వాటంతటవే దారికొస్తాయి. కాబట్టి ఒక రిహార్సల్ మొత్తం మొదటి స్వరానికే ఇచ్చేయండి. ఆ స్వరం వాయించి ఆపడం, మళ్లీ వాయించడం. అంతే.

‘ఒకటి, రెండు, మూడు’ అని నోటితో చెప్పి మొదలుపెట్టే అలవాటు వద్దు. పిల్లలు చెవి మీద ఆధారపడి మిమ్మల్ని చూడటం మానేస్తారు.

ఇక చెయ్యి తిరిగే దారి. నాలుగు దెబ్బలకు కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడింటికి కిందికి, కుడికి, పైకి. రెండింటికి కిందికి, పైకి. మీ కీర్తనకు ఆదితాళం ఎనిమిది అక్షరాలను, అంటే ఎనిమిది లెక్కలను, రెండు నాలుగులుగా చూపించండి. వేళ్లు లెక్కపెట్టడం, చెయ్యి తిప్పి విసర్జితం చూపడం ఇక్కడ పనికిరావు, వెనక వరసకు కనిపించవు. ముందు ముందు ఏడు లెక్కల మిశ్రచాపు తాళం ఎత్తుకుంటే మూడు దెబ్బల దారిలోనే మొదటిది పొడుగ్గా, మిగతా రెండూ పొట్టిగా వేయాలి, 3+2+2 కదా. ఏ దారైనా దెబ్బ పడే చోటు గాల్లో స్పష్టంగా కనిపించాలి. నడుముకు కాస్త పైన ఒక బల్ల ఉందనుకుని దాన్ని తాకి పైకి లేచినట్టు మణికట్టు ఆడించండి. భుజం నుంచి ఊపితే దెబ్బ ఎక్కడ పడిందో ఎవరికీ అర్థం కాదు.

జాతీయగీతం విషయంలో మీకొక వెసులుబాటు ఉంది. బ్యాండు వాయించేటప్పుడు ముందు డ్రమ్ము రోల్ (పుల్లలతో ఆపకుండా గబగబా మోగించడం) ఉండాలని కేంద్ర హోంశాఖ ఉత్తర్వుల్లోనే రాశారు. స్లో మార్చ్‌లో 7 అడుగులు వేసేంత సేపు రోల్ సాగాలి. మెల్లగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్లీ తగ్గినా ఏడో దెబ్బ దాకా వినిపిస్తూ ఉండాలి. ఆ తర్వాత ఒక దెబ్బ నిశ్శబ్దం, ఆపైన గీతం. ఆ నిశ్శబ్దమే మీ ఖాళీ దెబ్బ! ఏడు దాకా చిన్నగా చూపిస్తూ, ఎనిమిదో దెబ్బకు ఊపిరి తీసి చెయ్యి లేపండి. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే పిల్లలు పరుగెత్తుతున్నారో లేదో వెంటనే తెలిసిపోతుంది.

జవాబు (ఒంగోలు)

మేడమ్, పైన సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ని, శ్రుతి సంగతి నేను చెబుతాను.

బ్యాండు మేళాల్లో మామూలుగా వాడేది బి-ఫ్లాట్ క్లారినెట్. దాని మీద ‘సి’ వాయిస్తే బయటికి పలికేది బి-ఫ్లాట్, అంటే ఒక పూర్తి స్వరం కింద. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, వాద్యం తీరే అంత. మీ కీబోర్డు ఒకటో శ్రుతిలో, అంటే ‘సి’ షడ్జమంగా (‘స’గా) వాయిస్తుంటే, ఆ అబ్బాయిని ‘డి’ షడ్జమంగా పట్టుకోమనండి. ట్రంపెట్ వచ్చినా ఇదే లెక్క. కీబోర్డుల్లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో కూడా చూడండి, గొడవ చాలాసార్లు అక్కడే ఉంటుంది. మూడు వేణువులూ ఒకే శ్రుతివా? వెదురు వేణువు శ్రుతి మార్చడానికి వీలుండదు కాబట్టి మీ బృందం శ్రుతిని వేణువులే నిర్ణయిస్తాయి. మృదంగం కూడా దానికే కలపాలి.

ఇంకొకటి. శ్రుతి గదిలో కలుపుకుని మైదానంలోకి వస్తే నిలవదు. ఎండకు వయొలిన్ తీగలు సాగి శ్రుతి దిగుతుంది, క్లారినెట్ వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. ఆగస్టులో మన వైపు ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిందే కదా. వాయించే చోటే, కాసేపు వాయించాక మళ్లీ కలపండి. క్లారినెట్ పైకి పోతే బ్యారెల్‌ని (నోట్లో పెట్టుకునే ముక్క కిందున్న పొట్టి గొట్టాన్ని) కొంచెం బయటికి లాగమనండి.

జవాబు (నెల్లూరు)

వేగం, ఎడమ చెయ్యి మిగిలాయి. వేగం పెరిగినప్పుడు మనకు తెలియకుండానే చెయ్యి పెద్దదిగా, గట్టిగా ఊపుతాం. దానితో పిల్లలు ఇంకా రెచ్చిపోతారు. అప్పుడు చెయ్యి చిన్నది చేయండి. చిన్న కదలికను చూడాలంటే వాళ్లు కళ్లు పెట్టి చూడాల్సిందే. పరుగు ఎక్కువసార్లు డ్రమ్ముల దగ్గర మొదలవుతుంది, కాబట్టి వాళ్లను దూరంగా పెట్టకండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. మైదానంలో డ్రమ్ములు 30 మీటర్ల దూరాన ఉంటే, వాటి దెబ్బ విని వాయించే పిల్లలు సెకనులో పదో వంతు దాకా వెనకబడతారు. అది చెవికి బాగా తెలిసిపోతుంది. డ్రమ్ములను వయొలిన్ల వెనకే పెట్టి, అందరినీ చెవితో కాకుండా మీ చేతిని చూసి వాయించమనండి.

ఎడమ చెయ్యి కుడి చేతిని అద్దంలా అనుకరించకూడదు. దాని పనులు వేరే: ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో చూపించడం, శబ్దం పెంచడం, తగ్గించడం, ఆపడం. సాధన ఇట్లా చేయండి. కుడి చేత్తో నాలుగు దెబ్బల దారి తిప్పుతూ, ఎడమ చేతిని నాలుగు లెక్కల్లో నెమ్మదిగా లేపి, నాలుగు లెక్కల్లో దించండి. మొదట కుడి చెయ్యి కూడా దానితో పాటే పోతుంది. రోజూ కాసేపు చేస్తే విడిపడుతుంది. ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోండి.

ప్రశ్న వేసినవారు

చాలా చాలా థ్యాంక్స్ సార్. క్లారినెట్ ‘డి’లో పట్టగానే కలిసిపోయింది, ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది! ఖాళీ దెబ్బతో మొదలు కూడా దాదాపు కుదిరింది. రెండు సందేహాలు. వయొలిన్ పిల్లలు గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తున్నారు, కలిసి వింటే బురదగా ఉంది. రెండోది, చివరి స్వరం ఒక్కొక్కరు ఒక్కోచోట ఆపుతున్నారు.

జవాబు (ఒంగోలు)

గమకాల విషయంలో మీరు టీచర్‌గా గట్టిగా ఉండాల్సిందే మేడమ్. ఏ స్వరానికి గమకం, ఎంత ఊపు, కమాను కిందికా పైకా అన్నది మీరే నిర్ణయించి రాసివ్వండి. ఒక కాగితం అడ్డంగా పెట్టి, పైనుంచి కిందికి వాద్యాల పేర్లు, ఎడమ నుంచి కుడికి అక్షరాల గళ్లు గీసి స్వరాలు నింపండి. అదే మీ స్కోర్. ఎవరు ఎక్కడ మొదలుపెడతారో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే ఎడమ చెయ్యి ఎప్పుడు లేపాలో దానికదే తెలుస్తుంది. అనుమానం ఉన్న చోట గమకం తీసేసి స్వరం సూటిగా పట్టించండి. ఐదుగురు ఒకేలా వాయిస్తే సాదా స్వరం కూడా నిండుగా ఉంటుంది.

మన వాద్యాలకు కండక్టర్ ఏమిటన్నవారికి ఒక మాట చెప్పండి. ఆకాశవాణి 1952లోనే ఢిల్లీలో మన వాద్యాలతో ‘వాద్యవృంద’ అనే పెద్ద వాద్యబృందం పెట్టింది. రవిశంకర్ గారు దాన్ని నడిపించారు, తర్వాత మన తెలుగువారు, వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు నడిపించారు.

జవాబు (నెల్లూరు)

చివరి స్వరం ఆపడానికి కూడా ఖాళీ దెబ్బ కావాలమ్మా. ఎడమ అరచెయ్యి పైకి చూపిస్తూ స్వరాన్ని పట్టి ఉంచండి. ఆపడానికి ఒక దెబ్బ ముందు చెయ్యి కొద్దిగా లేపి, చిన్న సున్నా చుట్టి వేళ్లు మూయండి. సున్నా మూసుకున్న చోటే శబ్దం ఆగాలి. వేణువు పిల్లలు అంతదాకా ఊపిరి మిగుల్చుకోవాలి కాబట్టి ఆ ముందు వచ్చే స్వరాల వరసలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాళ్ల కాగితం మీద రాసివ్వండి. డ్రమ్ము పిల్లలకు విడిగా చెప్పండి: వేళ్లు మూశాక ఇంకో దెబ్బ వేయకుండా పుల్లలను తోలుకు ఆనించి ఉంచాలి.