వేదిక మీది ఉయ్ఘర్ నృత్యం, గడప లోపలి మెష్రెప్: ఏది సంప్రదాయం?

తరంగిణి
చైనాలోని షిన్‌జియాంగ్ ప్రభుత్వ బృందం ప్రదర్శించిన, అక్కడి ముస్లిం ప్రజలైన ఉయ్ఘర్ల నృత్యాన్ని నిన్న మా విద్యార్థినులకు వీడియోలో చూపించాను. తల మీద గిన్నెల దొంతర నిలిపి, చేతుల్లోని చిన్న పళ్ళేలను తాళానికి తగ్గట్టు మోగిస్తూ ఆ యువతులు ఆడుతుంటే, పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడే మా పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. మిత్రుడొకరు మాత్రం "అది పర్యాటకుల కోసం తయారైనది, సంప్రదాయం కాదు" అని తేల్చేశారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టకపోయి ఉంటే, నాలాంటి ఎందరు ఆడపిల్లలకు ఈ విద్య అందేది? వేదిక ఎక్కిన కళను నకిలీ అనడం న్యాయమా?

ఆల్మటీ_పాత_విద్యార్థి
తరంగిణి గారూ, వేదిక ఎక్కడం తప్పని నేననను. అయితే ఉయ్ఘర్లకు నృత్యం ఒక్కటే విడిగా ఉండే వస్తువు కాదు. మెష్రెప్ అనే సమావేశంలో ముకామ్ సంగీతం, సానమ్ నృత్యం, హాస్యం, విందు, మర్యాద తప్పినవారిపై సరదాగా సాగే విచారణ అన్నీ కలిసే ఉంటాయి. దానిని నడిపించే పెద్దను యిగిత్ బెషి అంటారు. ఒక్కొక్కసారి ఒక్కొక్క ఇంటివారు ఆతిథ్యమిస్తారు. యునెస్కో 2010లో మెష్రెప్‌ను తక్షణ రక్షణ అవసరమైన వారసత్వాల జాబితాలో చేర్చింది. అందులోంచి పళ్ళేల నృత్యాన్ని మాత్రమే తీసి దీపాల కింద నిలబెడితే, మిగిలినదంతా ఏమైందని అడగవద్దా?

నేను కజకిస్తాన్‌లో వైద్యవిద్య చదివిన రోజుల్లో పక్కింటి ఉయ్ఘర్ కుటుంబం నన్ను భోజనానికి పిలిచింది. తలుపుకు ఎదురుగా ఉండే గౌరవ స్థానంలో కూర్చోబెట్టి, కూజాతో నా చేతుల మీద నీళ్ళు పోశారు. నేను అలవాటు కొద్దీ చేతులు విదిలించాను. ఇంటి పెద్దావిడ ఏమీ అనకుండా తువ్వాలు అందించారు. అలా విదిలించడం అమర్యాద అని తర్వాత తెలిసింది.

గోదారి_గట్టు
తడి చేతులు విదిలిస్తే దోషమని మా అమ్మమ్మ కూడా అనేది.

బాటసారి_52
కిందటి ఏడాది నేను స్వయంగా షిన్‌జియాంగ్‌లోని కాష్గర్ వెళ్ళాను. పాత నగరం ద్వారం దగ్గర డప్పుల మోతతో, నృత్యంతో స్వాగతం పలికారు. ఒక ఇంట్లో దస్తర్‌ఖాన్ (భోజనాల గుడ్డ) పరిచి నాన్ రొట్టె, టీ ఇచ్చారు. ఎవరి ముఖంలోనూ బాధ కనబడలేదు. కజకిస్తాన్‌లోని ఆల్మటీలో కూర్చున్నవారి కన్నా కాష్గర్ చూసినవాడి మాటకు విలువ ఉండదా?

ఆల్మటీ_పాత_విద్యార్థి
ఆ టీకి మీరు డబ్బు చెల్లించారా, లేదా?

బాటసారి_52
చెల్లించాను. అయితే ఏమిటి? అరకులో థింసా ఆడేవారికీ డబ్బు ఇస్తాం. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆతిథ్యం అబద్ధమవుతుందా?

తరంగిణి
ఈ డబ్బు మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇరవై ఏళ్ళ క్రితం ఒక సభలో మా గురువుగారు తరంగం ఆడిస్తే, ఒక పెద్దమనిషి అందరి ముందూ "ఇది నాట్యం కాదు, టిక్కెట్టు పెట్టి చూపించే విన్యాసం" అన్నారు. ఆ రాత్రి గురువుగారు భోజనం చేయలేదు. కడుపు కోసం ఆడినా, ప్రభుత్వం ఆడమన్నా, ఆ అమ్మాయి మెడ కదలికలో పదేళ్ళ సాధన ఉంది. ఆమెను నకిలీ అనే అధికారం మనలో ఎవరికీ లేదు.

ఆల్మటీ_పాత_విద్యార్థి
నర్తకిని నేను ఒక్క మాటా అనలేదు. మీరిద్దరూ వేదిక గురించి, టిక్కెట్టు గురించి మాట్లాడుతున్నారు. నేను తలుపు గురించి మాట్లాడుతున్నాను. షిన్‌జియాంగ్‌లోని గుల్జా పట్టణంలో 1990లలో యువకులు తాగుడు, మత్తుమందుల నుంచి తోటివారిని మళ్ళించడానికి మెష్రెప్‌లను పునరుద్ధరిస్తే, 1995లో అధికారులు వాటిని నిషేధించారు. 2016 తర్వాత "బంధువులు" అనే పేరుతో ప్రభుత్వోద్యోగులను ఉయ్ఘర్ ఇళ్ళకు పంపి, రోజుల తరబడి వాళ్ళతోనే తినమన్నారు, పడుకోమన్నారు. పది లక్షల మందికి పైగా ఉద్యోగులను ఇందుకు కేటాయించినట్టు హ్యూమన్ రైట్స్ వాచ్ 2018లో వెల్లడించింది. వద్దనలేని అతిథికి పరిచిన దస్తర్‌ఖాన్‌ను ఆతిథ్యం అంటామా? ఉయ్ఘర్ జానపద సంస్కృతిని ఊరూరా తిరిగి నమోదు చేసిన పరిశోధకురాలు రాహిలే దావుత్ 2017లో అదృశ్యమయ్యారు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడినట్టు 2023లో బయటపడింది. నాకు తువ్వాలు అందించిన పెద్దావిడ చెల్లెలు గుల్జాలో ఉండేవారు. 2017 నుంచి ఆమె ఫోను ఎత్తడం లేదు. బాటసారి గారు చూసిన చిరునవ్వును నేను కాదనను, కానీ దానిని సాక్ష్యంగా ఒప్పుకోలేను.

బాటసారి_52
నేను రాజకీయం కోసం వెళ్ళలేదు. కళ్ళతో చూసినది చెప్పాను. మా ఆతిథేయి ఇష్టం లేకుండానే టీ పోశాడని మీరెలా చెప్పగలరు?

ఆల్మటీ_పాత_విద్యార్థి
చెప్పలేను. ఇష్టంతోనే పోశాడని మీరూ చెప్పలేరు. అతను "ఈరోజు వద్దు" అనగలడా లేదా అన్నదే నా ప్రశ్న.

తరంగిణి
మీ ప్రశ్న ఇప్పుడు నాకు అర్థమైంది, నా ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఇళ్ళలో ఆడే వీలే లేని చోట, ఆ వేదిక కూడా లేకపోతే ఆ అడుగులు ఎవరి కాళ్ళలో మిగులుతాయి? నేను ఆ వీడియోను పిల్లలకు మళ్ళీ చూపిస్తాను. గుల్జా సంగతి కూడా చెప్పి చూపిస్తాను. ఒక్కటి అడుగుతాను: ఆ రోజు ఆల్మటీ ఇంట్లో ఎవరైనా ఆడారా?

ఆల్మటీ_పాత_విద్యార్థి
ఆడారండి. భోజనమయ్యాక ఇంటి పెద్దాయన దుతార్ అనే తంత్రీవాద్యం అందుకున్నారు, మనవడు దాప్ అనే డప్పు వాయించాడు. పెద్దావిడ లేచి, గుండె మీద చేయి వేసి తల వంచి నన్ను పిలిచారు. సిగ్గుపడి రానన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆవిడ నవ్వి, పక్కనున్న కోడలిని పిలిచి ఇద్దరూ ఆడారు. నా గిన్నెలో మళ్ళీ టీ పోశారు.