ఓడలో ఈతకొలను మీద గాజు పైకప్పు: పక్కకు జరిగేది మేలా, బిగించింది మేలా?

చుక్కాని: అలాస్కా తిరిగే హాలండ్ అమెరికా కంపెనీ విహార ఓడల్లో లిడో అనే పై డెక్ నడిమి కొలను మీద పక్కకు జరిగే గాజు పైకప్పు ఉంటుంది. ఆ చలిలో దాన్ని తెరిచేదెన్నడు? మోటార్లు, పట్టాలు, చక్రాలు... ఇంత సరంజామా దేనికి? బిగించేస్తే పోదా?

గాజుపెట్టె: అలాస్కా వేసవి ముచ్చటే. చలికాలం ఆ ఓడలు చాలామటుకు కరీబియన్ లాంటి వేడి నీళ్లకు పోతాయి. అక్కడ బిగించిన గాజు కింద జనం ఉడికిపోతారు, ఏసీ ఎంత తిప్పినా చాలదు. 1965 నాటి ఓషియానిక్ అనే ఓడకే జరిగే కప్పు ఉంది. న్యూయార్క్ చలిలో బయల్దేరి బహామాస్‌లోని నసావు ఎండలో దిగే ఓడ మరి!

చుక్కాని: అంత ఎత్తున బరువు పెడితే ఓడ నిలకడ మాటేమిటండీ?

లంగరు: లెక్క వేద్దాం. గాజు ఒక మి.మీ. మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. 12 మి.మీ. మందం, 300 చ.మీ. అంటే 9 టన్నులు. ఫ్రేములు, మోటార్లు కలిపి 30 అనుకోండి. 50,000 టన్నుల ఓడలో గురుత్వ కేంద్రానికి 25 మీటర్ల పైన ఉంచితే, ఆ కేంద్రం లేచేది ఒకటిన్నర సెం.మీ. అదే 10×5×1.5 మీటర్ల కొలనులో సముద్రపు నీళ్లే 77 టన్నులు, పైగా అవి ఊగుతాయి. సముద్రం బాగా రేగితే కొలను ఖాళీ చేసేది అందుకే.

తుప్పుడబ్బా: బరువు సంగతి వదిలేయండి, అసలు తలనొప్పి పట్టాలది. అలల మీద ఓడ ఒళ్లు వంగుతుంది, మెలి తిరుగుతుంది. పట్టాల మధ్య దూరం నిలకడగా ఉండదు. ఒక వైపు చక్రాలకే అంచు ఇచ్చి, రెండో వైపువి అడ్డంగా కాస్త జరిగేలా వదలాలి. రెండు వైపుల మోటార్లు జతగా నడవకపోతే కప్పు పలక ఏటవాలై ఇరుక్కుంటుంది. కీచుమంటే ట్రిప్ కరెంటు (మోటారు తనంతట ఆగిపోయే కరెంటు హద్దు) పెంచి తోసేసేవాళ్లున్నారు, దండం పెట్టాలి! ముందు మోటారు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్లు సరిచూడండి, పట్టాలో గడ్డకట్టిన ఉప్పును మంచినీళ్లతో కడగండి.

గాజుపెట్టె: మూసే ఉంచితే క్లోరమైన్ (నీళ్లలోని క్లోరిన్ చెమట లాంటి మలినాలతో కలిస్తే పుట్టేది) ఆవిరి పైన ముసురుకుంటుంది. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ ఈతకొలనులో కాంక్రీటు సీలింగు కూలి 12 మంది పోయారు. దాన్ని మోసే స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు కొలను గాలిలోని క్లోరైడ్లకు (క్లోరిన్ లవణాలకు) పగిలిపోయాయి. బరువు మోసే చోట 304 రకం స్టెయిన్‌లెస్‌నే కాదు, 316 రకాన్ని కూడా నమ్మొద్దు.

చుక్కాని: సరే, ఒప్పుకున్నా. గాలిలో కదపడం ఎలా మరి?

లంగరు: చూడాల్సింది డెక్ మీది గాలి. 20 నాట్ల (నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) వేగంతో పోయే ఓడకు 20 నాట్ల ఎదురుగాలి తోడైతే డెక్ మీద 40; చదరపు మీటరుకు 26 కిలోల ఒత్తిడి, 20 నాట్లప్పటికి నాలుగింతలు. సగం తెరిచి వదలడం మరీ చేటు. కొక్కేలు సాధారణంగా రెండు కొసల్లోనే పడతాయి, మధ్యలో ఆగిన పలకను కింద దూరిన గాలి ఎత్తేస్తుంది. బ్రిడ్జికి (ఓడను నడిపే గదికి) ఫోన్ చేసి గాలి ఎంతో అడిగాకే బటన్ నొక్కాలి.