సంక్రాంతి సంబరాలు: సూసన్ కేర్ డిస్‌ప్లే ప్లాన్, వాలంటీర్లు అందరూ చూడండి

అందరికీ నమస్కారం. కాల్‌లో అనుకున్నట్టే ఈసారి టెక్నాలజీ కార్నర్ సూసన్ కేర్ గారి మీద పెడుతున్నాం, యాపిల్ మాకింటోష్ కంప్యూటర్‌కి ఐకాన్లు గీసిన డిజైనర్ ఆవిడ. ప్రోగ్రామ్ నెలాఖరులో కాబట్టి డేట్ కూడా బాగా కుదిరింది, మొదటి మాకింటోష్ బయటికొచ్చింది 1984 జనవరి 24నే కదా. ఆన్ చేయగానే నవ్వే కంప్యూటర్ బొమ్మ, చెత్తబుట్ట, కంప్యూటర్ ఆగిపోతే వచ్చే బాంబు అన్నీ ఆవిడ గీసినవే. మన బే ఏరియాలో సగం ఇళ్ళల్లో యాపిల్ కీబోర్డు మీదుండే కమాండ్ గుర్తు కూడా ఆవిడ ఎంచిందే, స్వీడన్‌లో చూడదగ్గ చోట్ల బోర్డుల మీద వేసే గుర్తు అది, సింబల్స్ పుస్తకం తిరగేస్తుంటే దొరికింది. విండోస్ 3.0 లో వచ్చిన సాలిటేర్ పేకముక్కలు కూడా ఆవిడవే, అంటే ఊళ్ళో మన నాన్నగారి ఆఫీసుదాకా ఆవిడ పని వెళ్ళిందన్నమాట.

నేను గట్టిగా అడిగేది ఒక్కటే. పెద్ద ఫ్లెక్సీ, దానిమీద ఆవిడ ఫొటో, పక్కన కంపెనీ లోగో, కింద స్పాన్సర్లు, ఇది మాత్రం వద్దు. ఆ ఫొటో తీసినవాళ్ళ హక్కు, పాత ఐకాన్లు కంపెనీవి, అది అలా ఉంచినా అసలు ఆవిడ పని ఎలా చేశారో అందులో కనపడదు. గ్రాఫ్ నోట్‌బుక్కులో అడ్డం 32 గళ్ళు, నిలువు 32, మొత్తం 1024, ప్రతి గడీ నలుపో తెలుపో అంతే, మధ్యలో బూడిద రంగు కూడా లేదు. శిల్పం చేసే మనిషి, మాకింటోష్ టీమ్‌లో ప్రోగ్రామర్ అయిన స్కూల్ ఫ్రెండ్ ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ పిలిస్తే వచ్చి ఇంత చిన్న చోట్లో మనుషులకి అర్థమయ్యేలా గీశారు. చిన్నప్పుడు వాళ్ళమ్మగారు దారాలు లెక్కపెట్టి కుట్టే ఎంబ్రాయిడరీ నేర్పించారట, ఆ చెయ్యే ఇక్కడా పనికొచ్చింది. అందుకే ఎంట్రన్స్‌లో 32 చుక్కలు 32 వరసల ముగ్గు పెడదామంటున్నా.

ముగ్గుల టీమ్: బాగుందమ్మా, కానీ హాల్ వాళ్ళు నేలమీద పిండి పడనివ్వరు. సైజెంత?

గడి 3 అంగుళాలు పెడితే సరిగ్గా 8 అడుగులొస్తుంది పిన్నిగారూ. నల్ల పేపర్ రోల్ పరిచి, అట్టలో చదరం కోసి, దాని మీద జల్లెడతో పిండి జల్లి అట్ట పైకి తీసేయడమే, చిన్నపిల్లలు కూడా చేస్తారు. బొమ్మలు మాత్రం మనవే గీద్దాం: గాలిపటం, చెరుకు గడ, భోగి కుండ, గంగిరెద్దు. రాత్రి గంగిరెద్దు వేసి చూశా, మూపురం రెండు గళ్ళు పైకి లేపేదాకా అది ఏ జంతువో చెప్పలేం, లేపగానే ఎద్దు! కన్ను ఒక్క గడే, ఒక గడి ముందుకి జరిపితే మొహమే మారిపోతోంది. పిల్లలకి ఇది చూపిస్తే చాలు, ఆవిడ గొప్పతనం మనం విడిగా చెప్పక్కర్లేదు.

ప్రింటింగ్ టీమ్: అక్కా, అదే ఫైల్ బ్యాక్‌డ్రాప్‌కి, బ్యాడ్జీలకి, ఇన్‌స్టాకి వాడేయొచ్చా? పోయినసారి పోస్టర్ అంతా మసకమసకగా వచ్చింది.

వాడొచ్చు తమ్ముడూ, కానీ గడిని ఎప్పుడూ పూర్ణసంఖ్యతోనే పెంచాలి. ఇన్‌స్టా చదరం 1080, దాన్ని 32తో భాగిస్తే సరిగ్గా పోదు, అందుకే గడికి 32 పిక్సెళ్ళు పెట్టు, 1024 అవుతుంది, చుట్టూ 28 చొప్పున ఖాళీ వదిలెయ్. పెంచేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో నియరెస్ట్ నైబర్ (రంగులు కలపకుండా ఉన్న గడినే పెద్దది చేసే పద్ధతి) పెట్టాలి, లేకపోతే అంచులు మసకబారతాయి. జేపెగ్ వద్దు, పీఎన్‌జీ చెయ్, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు. బ్యాక్‌డ్రాప్‌కి మాత్రం వెక్టర్ (పిక్సెళ్ళు కాకుండా గీతల కొలతలతో ఉండే ఫైల్) చెయ్, గళ్ళు చదరాలే కాబట్టి ఎంత పెద్దదైనా అంచు కత్తిలా ఉంటుంది. బ్యాడ్జీకి 32 గళ్ళు కనపడవు, 16 గళ్ళలో మళ్ళీ గీయాల్సిందే, కుదించడం కాదు. అది నేను చేస్తా.

పక్కన నిలబెట్టే ప్యానెల్ ఒక్కటి చాలు, ఆవిడ ఎవరు, ఏం గీశారు, 2018లో ఏఐజీఏ (అమెరికా డిజైనర్ల సంఘం) మెడల్ వచ్చింది, నాలుగు వాక్యాలు తెలుగులో, నాలుగు ఇంగ్లీషులో. కింద టేబుల్ మీద గ్రాఫ్ షీట్లు, నల్ల స్కెచ్‌పెన్నులు. ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్ళు ఖాళీ గ్రిడ్ షీట్లు ఒక కట్ట తెస్తే మంచిది, ఎవరు తెస్తారో ఇక్కడే చెప్పండి. పిల్లల బొమ్మలు శుక్రవారం లోపు నాకు పంపితే ముగ్గుకి ఏది వేయాలో పిన్నిగారు, నేను కూర్చుని చూస్తాం.